లేదని తెలియుట

నేలపై కుండ లేదని తెలిసికొనుట యెట్లు? కన్ను కుండను చూడగలదే గాని కుండ లేమిని చూడజాలదు గనుక, ఈ జ్ఞానమునకు అనుపలబ్ధి యను వేరొక ప్రమాణమును కుమారిలభట్టు మార్గీయులైన మీమాంసకులును, అద్వైతులును అంగీకరించిరి. అయితే దానికొక నియమము గలదు: ఉన్నచో తప్పక కనబడదగిన వెలుతురులో, చూచువాడు చూచుచుండగా కనబడనప్పుడే అది ప్రమాణమగును, చీకటిగదిలో కనబడనిదానిని లేదనుటకు వీలులేదు. శాస్త్రచర్చలో శుష్కముగా దోచు ఈ నియమము, మహమ్మారి తగ్గిన పిదప ఒక దేశము తనకు జ్వరబాధ లేదని చెప్పుకొనునప్పుడు ప్రాణములతో ముడివడిన ప్రశ్న యగును.

2020లో కోవిడ్ లోకమును చుట్టుముట్టిన కొలది నెలలకే ఇన్‌ఫ్లూయెంజా దాదాపు అన్ని దేశముల లెక్కలలోను అడుగంటినది. అది నిజముగా తగ్గినదా, లేక ప్రయోగశాలలు కోవిడ్ పరీక్షలలో మునిగి దానిని చూచుట మానినవా? అంతటి ఒత్తిడిలోను ఇన్‌ఫ్లూయెంజా కొరకు నమూనాలను పరీక్షించుట మాననివారే ఈ సంశయమును తీర్చిరి. 2020 మార్చి తరువాత ఇన్‌ఫ్లూయెంజాలో బీ-యమగాటా యను శాఖ జాడ నిర్ధారణగా ఎచ్చటను దొరకకపోగా, మూడేండ్లకు పైగా వెదకిన పిమ్మటనే, 2023 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు టీకాలో దానికిక చోటక్కరలేదనిరి. ఆ ఓర్పు తపస్సు కాక మరేమి? 2009 మేలో హైదరాబాదున దిగిన ప్రయాణికునియందు మన దేశమున తొలిసారి బయటపడిన స్వైన్ ఫ్లూ వైరసు మాత్రము, మరుసటి యేటి ఆగస్టులో ఆ మహమ్మారి ముగిసినదని ప్రకటించిన పిదపను పోక, నేటికిని ఏటేటి జ్వరములలో నొకటియై తిరుగుచున్నది.

ఈ వెదకుటకు ఆధారమెవరు? ఎంపిక చేసిన ఆసుపత్రులలో ఓ.పీ. చీటి పట్టుకొని వరుసలో నిలిచినవారియందు, పది దినముల లోపల మొదలైన దగ్గును, 38 డిగ్రీలకు తగ్గని జ్వరమును గలవారిలో కొందరిని పిలిచి, ముక్కునుండియు గొంతునుండియు సన్నని పుల్లతో స్రావము తీసి, గులాబిరంగు ద్రవమున్న చిన్న గొట్టములో నుంచి, ఐసుపెట్టెలో ప్రయోగశాలకు పంపుదురు. పుల్ల లోనికి పోగానే రోగికి కన్నుల నీరు తిరుగును. ఫలితము వచ్చునాటికి అతడు తరచుగా కోలుకొని పనిపాటులలో నుండును. ఆ నమూనా వలన మేలు పొందువాడు, వచ్చే యేట మరియొక గోళార్ధమున టీకా వేయించుకొను అపరిచితుడు కావచ్చును. ఇంతకన్న నిష్కామమైన దానమేది? అయితే దాత యెరుగక యిచ్చినది దానము కాదు. అతని యొద్దనుండి తీసికొన్నదగును. కావున పుల్ల చేతబట్టినవారు, 'అయ్యా, ఇది తమ మందు కొరకు కాదు, ఈ యేటి జ్వరములు ఏవో తెలిసికొనుటకు' అని ముందుగా చెప్పి తీరవలెను. వరుస పొడవుగ నున్నదను మాట ఇచ్చట చెల్లదు. చెప్పినచో ఒప్పుకొననివారును ఉందురు. వారిని విడిచి తరువాతివారిని అడుగవచ్చును, ఏలయన ఈ లెక్కకు అందరును అక్కరలేదు, కొందరు చాలుదురు.