గోడవైపు సైలెన్సర్

మా ఇంటి అలమరలో ఒక షెల్బీ కోబ్రా 427 ఎస్/సి ఉంది. 1:24 స్కేల్ మోడల్. అంటే అసలు కారులో అడుగు పొడవున్నది ఇందులో అరంగుళం. ఈ కారుకి సైలెన్సర్ అడుగున దాక్కుని ఉండదు. ఎనిమిది సిలిండర్ల నుంచి ఎనిమిది గొట్టాలు, పక్కకి నాలుగు చొప్పున బయటికొచ్చి, తలుపు కింద ఒక లావుపాటి గొట్టంలో కలిసి, వెనక చక్రానికి ముందే ఆగిపోతాయి.

కిట్‌లో ఇచ్చిన సైలెన్సర్ గట్టి ప్లాస్టిక్ ముక్క. చివర తూటు ఉండదు, నల్లరంగు చుక్క పెట్టుకోవాలి. అది నచ్చక నేనే చేద్దామనుకున్నాను. నాలుగు సన్న గొట్టాలకి సోల్డర్ తీగ వాడాను. మెత్తగా ఉంటుంది, వంచితే నలగదు. లావుదానికి 4 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టం. ఇదే ఏడిపించింది. చివర కాస్త బయటికి వంచాలి. వంచిన ప్రతిసారీ వంపు దగ్గర చప్పబడిపోయేది. చివరికి మామయ్య ఫోన్లో చెప్పాడు: "ఎర్రగ కాల్చి సల్లారనియ్యి. సన్నిసుక నింపి, రెండు దిక్కుల మూసి, అప్పుడు వంచు." ఆయన భూపాలపల్లి బొగ్గుగనుల్లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన వంచిన గొట్టాల్లో నా కారు మొత్తం పట్టేస్తుంది. మూడో ప్రయత్నానికి వంగింది.

ఒక పక్కది పూర్తయ్యేసరికి నాలుగు ఆదివారాలు పోయాయి. రెండో పక్క ఎలాగూ గోడవైపే ఉంటుంది కదా అని కిట్‌లోని ప్లాస్టిక్ ముక్కనే అతికించి వెండిరంగు కొట్టేశాను. ఇంటికొచ్చిన వాళ్లకి "సైలెన్సర్లు మొత్తం చేత్తో చేసినవే" అని చెప్పేవాణ్ని.

కిందటి దసరాకి జనగామ వచ్చిన మామయ్య కారు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇటు దిక్కు తూటు లేదేంది అల్లుడా? పొగెట్ల పోతది?"

ఆయన నవ్వాడు. నేనూ నవ్వబోయాను గానీ సగంలో ఆగిపోయింది.

ఆలోచిస్తే వింతే. ఈ కారుకి అసలు ఇంజనే లేదు. ఏ వైపు నుంచీ పొగ పోదు. తూటున్న సైలెన్సరూ అబద్ధమే, లేనిదీ అబద్ధమే. మోడల్ మొత్తం ఉత్తుత్తిదే అయినప్పుడు అందులో ఒక పక్క మాత్రం ఎక్కువ అబద్ధం ఎలా అవుతుంది?

మాకు దగ్గర్లోనే పెంబర్తి ఉంది. అక్కడి పనివాళ్లు ఇత్తడి రేకుని కాల్చి మెత్తబరిచి, లక్క మీద అతికించి, ఉలితో సుత్తితో బొమ్మ తేలుస్తారు. గుడి తలుపులకి, వాహనాలకి, ధ్వజస్తంభాలకి తొడిగేది ఆ రేకునే. లోపలున్నది కట్టె. గరుడ వాహనానికి మొక్కే ఏ భక్తుడూ మోసపోయానని అనుకోడు. కట్టె సంగతి అందరికీ తెలుసు. మరి అలాంటి రేకునే యంత్రం మీద అచ్చు కొట్టి, పెంబర్తి చేతిపని అని అమ్మితే? తేడా కంటికి కనబడకపోవచ్చు. కానీ అబద్ధం ఆడినట్టే, పనిచేసిన చేతుల గురించి. పెంబర్తి పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. 1999లో వచ్చిన ఆ చట్టం ముఖ్యంగా కాపాడేది ఆ పేరుని.

నెల్సన్ గుడ్‌మన్ 1968లో రాసిన 'లాంగ్వేజెస్ ఆఫ్ ఆర్ట్'లో చిత్రాల గురించి ఇదే అడుగుతాడు. అసలుకీ నకలుకీ తేడా కంటికి ఆననప్పుడు కూడా తేడా ఉన్నట్టేనా? ఉన్నట్టే అంటాడు. ఒకటి నకలని తెలియడమే మనం చూసే పద్ధతిని మారుస్తుందట. నాకీ జవాబు సగమే సరిపోయింది. ఆయన లెక్కంతా చూసేవాడి వైపు నుంచి. నేను చేసినవాణ్ని, నాకు తేడా మొదట్నుంచీ తెలుసు. సంగీతానికీ సాహిత్యానికీ ఆ అర్థంలో నకిలీ ఉండదని కూడా ఆయనే అంటాడు. పొల్లుపోకుండా ఎత్తిరాసిన ప్రతి కూడా ఆ కావ్యమే. ఉద్యోగంలో నేను రాసే కోడ్ కూడా అంతే. ఎవరో రాసిన ఫంక్షన్ తెచ్చిపెట్టినా అదే పనిచేస్తుంది, ఎవరి చేతిదని ఎవరూ అడగరు. బహుశా అందుకే ఆదివారాలు ఇత్తడి గొట్టంతో కుస్తీ పడుతున్నాను. తీరా అక్కడికి కూడా ఆఫీసు అలవాటునే మోసుకెళ్లాను.

ఇందులో ఎవరికి నష్టం అనొచ్చు. నా మాట నమ్మి ఎవరూ డబ్బివ్వలేదు. నాకైతే మామయ్యకి జరిగిందనిపిస్తుంది. "మొత్తం చేత్తోనే" అన్నప్పుడు నేను ఆయన మాట వాడుకున్నాను. ఆయన పనిచేసిన చోట ఆ మాటంటే గొట్టం ఆ చివర్నుంచి ఈ చివరిదాకా పొగ పోవాలి. అక్కడ గోడవైపు అంటూ ఏదీ ఉండదు.

రెండోది కూడా ఇత్తడితో చేసేస్తే సరిపోతుందని మొదట అనుకున్నాను. గొట్టం కూడా కోశాను. కానీ దాంతో సైలెన్సర్ సరవుతుంది, ఇన్నాళ్లూ చెప్పిన మాట సరవదు. అందుకని ప్లాస్టిక్‌ది అలాగే ఉంచి, కారు పక్కన చిన్న చీటీ పెట్టాను: "గదివైపు సైలెన్సర్ చేత్తో చేసింది. గోడవైపుది కిట్‌లోది."

ఇప్పుడు ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ కారు తిప్పి ముందు గోడవైపుదే చూస్తున్నారు.