దురద దానిది, నిర్ణయం మనది

దురదను మనం పెద్ద బాధగా లెక్కపెట్టం. నొప్పి అంటే అయ్యో అంటాం, దురద అంటే గోక్కోమంటాం. తత్వవేత్తలు మాత్రం దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. ప్లేటో రాసిన గోర్గియాస్ సంవాదంలో సోక్రటీసు ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు. ఒకడికి ఎడతెగని దురద, తనివితీరా గోక్కునే వీలు కూడా ఉంది. బతుకంతా అలా గోక్కుంటూ గడిపితే అతను సుఖంగా బతికినట్టేనా? ఆచార్య నాగార్జునుడు రత్నావళిలో ఇదే చోటికి మరో దారిలో వస్తాడు. గోక్కోవడంలో సుఖముంది గానీ అసలు దురదే లేకపోవడం అంతకన్నా సుఖమన్నది ఆయన వాదం. ఇద్దరికీ దురద ఒక ఉదాహరణ, అసలు విషయం మనిషి కోరిక. మనం ఆ ఉదాహరణనే విషయంగా తీసుకుందాం. మన ఇంట్లో తిరిగే పిల్లికి దురద పుట్టిందనుకుందాం. ఇక్కడ ఆ ఇద్దరి ప్రశ్నలో లేని చిక్కు ఒకటి ఉంది. బాధ పడేది ఒకరు, దానికి ఏం చేయాలో తేల్చేది మరొకరు. ఆ మరొకరిని ఈ ఒకరు కాదనలేరు, వద్దనలేరు, ఎక్కడ దురదో చెప్పలేరు.

అసలు ఆ దురద మన కంటపడుతుందా అన్నది మొదటి ప్రశ్న. కుక్క గోక్కుంటే ఇల్లంతా తెలుస్తుంది. పిల్లి చాలాసార్లు గోక్కోదు, నాక్కుంటుంది. దాని నాలుక మీద వెనక్కి వంగిన సన్నటి ముళ్లుంటాయి. ఒకేచోట పదేపదే నాకితే వెంట్రుకలు తెగిపోతాయి. పొట్ట కింద, తొడల లోపలి వైపు చర్మం బోడిగా కనిపించేదాకా మనం దాన్ని శుభ్రత అనే అనుకుంటాం. జంతువులు యంత్రాల్లాంటివన్న ఆలోచన 17వ శతాబ్దంలో తత్వవేత్త డెకార్ట్ నుంచి వచ్చింది. 1789లో వెలువడిన తన గ్రంథంలో మరో తత్వవేత్త బెంథామ్ ఆ చర్చనే మలుపు తిప్పాడు. జంతువు తెలివిని, మాటను కొలవడం మాని దాని బాధ సంగతి చూడమన్నాడు. మనలో చాలామందికి బెంథామ్ మాటే సబబుగా తోస్తుంది. కానీ బాధ ఉందని ఒప్పుకున్నంత మాత్రాన అది ఎక్కడుందో, ఎందుకుందో తెలిసిపోదు. జాలి వెంటనే కలుగుతుంది, తెలుసుకోవడానికే ఓపిక కావాలి.

ఆ ఓపిక ఎలా ఉంటుందో ఒక చిన్న పరీక్షలో చూడవచ్చు. తెల్ల కాగితాన్ని తడిపి నేల మీద పరచాలి. పిల్లిని దాని పక్కన కూర్చోబెట్టుకుని, పేలు దువ్వే సన్న పళ్ల దువ్వెనతో నడుము మీద, తోక మొదట్లో వెంట్రుకల వాలుగా దువ్వాలి. దువ్వెనకు అంటిన నల్లటి నలకలను ఆ తడి కాగితం మీద దులపాలి. మట్టి అయితే మట్టిలాగే ఉంటుంది. కాసేపటికి ఆ నలక చుట్టూ ఎర్రటి గోధుమరంగు వ్యాపిస్తే, అది ఫ్లీ అనే గెంతుడు పురుగు రెట్ట. పిల్లి నుంచి తాగిన రక్తమే అలా జీర్ణమై బయటికి వచ్చింది. పురుగు మాత్రం కనిపించకపోవచ్చు, ఎందుకంటే పిల్లి దాన్ని నాకి మింగేసి ఉంటుంది. ఆ పురుగు లాలాజలం పడని పిల్లికి కొన్ని కాట్లు చాలు, ఒళ్లంతా మండిపోతుంది. ఇక గుడ్లు, పిల్ల పురుగులు, గూళ్లు చాలావరకు పిల్లి ఒంటి మీద ఉండనే ఉండవు. అది పడుకునే దుప్పట్లో, సోఫా సందుల్లో, చాప కింద ఉంటాయి. అంటే దురద చర్మం మీద ఉంది, దాని కారణంలో ఎక్కువ భాగం మన ఇంట్లో ఉంది. పిల్లికి మాత్రమే మందు వేసి ఇల్లు వదిలేస్తే సమస్య మళ్లీ మొదటికే వస్తుంది.

ఇప్పుడు మనం ఎక్కువగా నమ్మే మాటను పరీక్షించాలి. ఇంటి వైద్యంతో మేలు జరగకపోయినా కీడు జరగదని మనం అనుకుంటాం. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయడం మన ఇళ్లలో తరతరాల అలవాటు. ఆ అలవాటును వెక్కిరించనక్కర్లేదు, మన పెద్దలు దాన్ని మనుషుల ఒంటి మీద ఏళ్ల తరబడి చూసి నిలబెట్టుకున్నారు. కానీ వాళ్ల అనుభవం మనిషి శరీరానికి సంబంధించింది. పిల్లి కాలేయం వేరు. కొన్ని రకాల రసాయనాలను మార్చి బయటికి పంపే ఎంజైము దానిలో చాలా తక్కువ. అందుకే మనకు జ్వరం తగ్గించే పారాసెటమాల్ మాత్ర ఒక్కటి కూడా పిల్లి ప్రాణం తీయగలదు. కర్పూరం, టీ ట్రీ నూనె, నేల తుడిచే ఫినాయిలు దానికి విషాలే. కుక్కల మెడ మీద వేసే కొన్ని చుక్కల మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది. కుక్క దాన్ని తట్టుకుంటుంది, పిల్లి వణికి మూర్ఛలు వచ్చి చనిపోవచ్చు. పైగా పిల్లి ఒంటికి మనం రాసినదల్లా చివరికి దాని నోట్లోకే పోతుంది. దానికి రాయడమంటే తినిపించడమే అని గుర్తుంచుకుంటే సగం ప్రమాదాలు తప్పుతాయి. ప్రేమతో చేసిన పని కదా అని మనం మనల్ని సమాధానపరచుకోవచ్చు. విషానికి ప్రేమతో పనిలేదు.

మరి ఇంట్లో చేయగలిగింది ఏమిటి? రోజూ దువ్వి, దువ్వెనను సబ్బునీళ్లలో ముంచడం. పడక బట్టలు వేడినీళ్లలో ఉతకడం, మూలమూలలా ఊడ్చి ఆ చెత్తను బయట పారేయడం. మండుతున్న చోట చల్లటి తడిగుడ్డ కాసేపు అద్దడం. ఓట్స్‌ను మెత్తగా పొడి చేసి గోరువెచ్చని నీళ్లలో కలిపి ఆ నీటితో తడపడం కూడా చర్మానికి హాయినిస్తుంది. అయితే పిల్లి నీళ్లకు హడలిపోతుంటే ఆ హాయి కోసం దాన్ని భయంలో ముంచడం సరికాదు. మన షాంపూలు దాని చర్మానికి పడవు.

పురుగులూ ప్రాణులే కదా అన్న ప్రశ్నను దాటవేయకూడదు. జైన సంప్రదాయం దీన్ని ఎంతో నిష్ఠతో అడిగింది, అడిగినందుకు దానికి మనం రుణపడి ఉన్నాం. సబ్బునీళ్ల గిన్నెలో ముంచిన ప్రతిసారీ మనం కొన్ని ప్రాణాలు తీస్తున్నాం. నాకు తోచిన సమాధానం ఇది. పిల్లిని మన నాలుగు గోడల మధ్య పెట్టుకున్నది మనం, ఆ పురుగు పెరిగే చాప పరిచినదీ మనమే. మన ఆశ్రయంలో ఉన్న జీవి పట్ల మన బాధ్యత ఎక్కువ. అయినా చంపడంలో నష్టమేమీ లేదని చెప్పుకోవడం నిజాయితీ కాదు. ఇల్లు ముందే శుభ్రంగా ఉంచితే చంపాల్సిన అవసరం తగ్గుతుంది, కనుక అదే మెరుగైన మార్గం.

మరొకటి కూడా మనల్ని మనం అడగాలి. మనం తీర్చాలనుకుంటున్నది పిల్లి దురదనా, దాన్ని చూడలేని మన ఇబ్బందినా? మెడకు గరాటు లాంటి పట్టీ కడితే నాకడం ఆగుతుంది, మన మనసు కుదుటపడుతుంది. దురద మాత్రం లోపల అలాగే ఉంటుంది. పుండు మానడానికి ఆ పట్టీ అవసరమే, కానీ దాన్నే వైద్యం అనుకుంటే మనం చూడటం మానేసినట్టు. తిండి పడక వచ్చే దురద అయితే కారణం తేలడానికే కొత్త రకం ఆహారం మీద 8 వారాల దాకా ఉంచాల్సి వస్తుంది. అన్నాళ్లు మధ్యలో ఒక్క పాలచుక్క, చేపముక్క పెట్టకుండా ఉండటం మనకే పరీక్ష.

ఇంటి ప్రయత్నానికి హద్దు ఉంది. గుండ్రంగా వెంట్రుకలు రాలిన మచ్చలు తామర కావచ్చు, అది పిల్లలకు అంటుతుంది. చెవిలో కాఫీపొడి లాంటి నల్లటి మురికి, ముఖం మీద గట్టి పక్కులు, రక్తం కారే పుండు, తిండి మానేయడం, వీటిలో ఏది కనిపించినా పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. వెళ్లేముందు పిల్లిని ఎత్తుకుని తూకం యంత్రం మీద నిలబడండి, తర్వాత మీరొక్కరే నిలబడి మీ బరువు అందులోంచి తీసేయండి. ఆ బరువు చెప్పి, దానికి తగిన మందే అడిగి తీసుకోండి. కుక్క కోసం తెచ్చిన మందు ఇంట్లో మిగిలి ఉన్నా, అది పిల్లికి వేయకండి.