చిట్టితల్లికి ఉత్తరం

చిట్టితల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "పెదనాన్నా, మీరు పంపిన పారా అథ్లెట్ దీప్తి జీవాంజి పరుగు వీడియో చూస్తే ఉత్సాహం రాలేదు, సిగ్గేసింది. అన్నీ ఉండి కూడా గ్రూప్-2 పరీక్షలో తప్పాను" అని రాశావు. తప్పు నాదే. పరుగు చూపించి ఊరుకున్నాను, దాని వెనక సంగతి చెప్పలేదు. ఒకరి లేమిని చూపించి ఇంకొకరిని అదిలించడం నాకెప్పుడూ నచ్చదు. ఆ అమ్మాయి పడిన కష్టం మనకు చురక పెట్టడానికి కాదమ్మా.

వరంగల్ వైపు కల్లెడ ఆమె ఊరు. పేద ఇల్లు, పుట్టుకతోనే మేధోవైకల్యం. ఊళ్లో కొందరు పిచ్చిదనీ కోతి అనీ పిలిచేవారని తల్లే చెప్పింది. ఆ మాటలు చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ పిల్లలోని వేగాన్ని కోచ్ నాగపురి రమేశ్ గుర్తించి దారిలో పెట్టారు. అలాంటి ఒక్క మనిషి దొరకడం ఎంత గొప్పో!

ఇక నువ్వు గమనించాల్సింది చెబుతాను. 400 మీటర్ల పరుగుకు కాళ్ల బలం ఒక్కటే చాలదు. మొదటి వంపులో ఎంత వదలాలి, ఆఖరి వంద మీటర్లకు ఎంత మిగుల్చుకోవాలి అనే లెక్క ఉండాలి. దీప్తి పోటీపడే టీ-20 వర్గం మేధోవైకల్యం ఉన్నవారిది. వాళ్లకు కష్టమయ్యేది సరిగ్గా ఆ లెక్కే. చేసి చేసి ఒంటికి అలవాటు చేయాల్సిందే.

2024 మేలో జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌కు వెళితే, ఫైనల్‌కు ముందే హీట్స్‌లో తుర్కియే అమ్మాయి ఐసెల్ ఒండర్ 54.96తో ఆ రికార్డు చెరిపేసింది. తీరా ఫైనల్లో స్వర్ణం 55.16కే వచ్చింది. దీప్తి 55.82తో మూడోది. కోబెలో పరిగెత్తినట్టే పరిగెత్తి ఉంటే స్వర్ణం ఆమెదే! మాక్ టెస్టుల్లో వచ్చిన మార్కులు పరీక్ష రోజు రాలేదని ఏడ్చావే, అలాంటి రోజు ప్రపంచ రికార్డు పెట్టిన మనిషికీ వచ్చింది. అయినా ఆ కాంస్యం, మేధోవైకల్యం ఉన్న మన దేశ క్రీడాకారులకు దక్కిన తొలి పారాలింపిక్ పతకం. నేను దాన్ని తక్కువ అనలేను. నీ మార్కులను కూడా అనను.

నీ పేపరూ ఆ 400 మీటర్ల పరుగు లాంటిదే, 150 నిమిషాల్లో 150 ప్రశ్నలు కదా. మొదటి గంటలోనే అలసిపోయానని రాశావు. నాకు అసలు సంగతి అక్కడే ఉందనిపిస్తోంది. దసరాకు వచ్చేటప్పుడు ప్రశ్నపత్రం తెచ్చుకో. ఏ ప్రశ్న దగ్గర ఎంతసేపు ఆగావో గుర్తున్నంతవరకు పక్కన రాసిపెట్టు. పొద్దున్నే వసారాలో గడియారం పెట్టుకుని ఇద్దరం కూర్చుందాం. మీ పెద్దమ్మ సకినాలు చేస్తానంటోంది.

మీ పెదనాన్న