సమాధిపై గుఱుతు

ఫ్రాన్సులోని నార్మండీ తీరమున 9,000కు పైఁగా అమెరికా సైనికుల సమాధులున్నవి. యూదులకు దావీదు నక్షత్రమును, తక్కినవారికి శిలువను చలువరాతితో నిలిపిరి. అయినను రెండవ ప్రపంచయుద్ధమున మడిసిన యూదులు కొందఱు శిలువ క్రిందనే యుండిపోయిరి. ఆనాఁడు సైనికుని మెడబిళ్లపై మతమును దెలుపు నక్షరముండెడిది, యూదునకు ‘హెచ్’. జర్మనులకుఁ జిక్కినచో ఆ యక్షరమే ప్రాణము తీయునని కొందఱు దానిని వేయించుకొనరైరి. ఇటీవల వంశవృత్తాంతములను శోధించి, బంధువుల సమ్మతితో, కొన్నిచోట్ల శిలువకు మాఱుగా నక్షత్రమును నిలిపిరి.

“అతఁడే దాఁచిన మతమును మనమేల బయలుపఱుపవలె?” నని మిత్రుఁడొకఁడు మమ్మడిగెను. ప్రశ్న త్రోసివేయఁదగినది కాదు. మనసార మతము విడిచినవాని శిలను మార్చుట అపచారమే. కాని ప్రాణభయముచే దాఁచుటను విడుచుట యనవచ్చునా? శత్రువునకుఁ జెప్పిన మాటను చలువరాతిపైఁ జెక్కి యతని నిశ్చయమనుట మాకు న్యాయముగాఁ దోఁపదు. ఇంట నే పండుగలు జరిపెనో, తల్లికేమి వ్రాసెనో, అదియే సాక్ష్యము. అట్టి సాక్ష్యము దొరకనిచోట, మనకెంత సందేహమున్నను, శిలువ నట్లే యుండనీయవలయును.