గాలీ నీరూ ఎవరి సొత్తు?

ఫెంగ్‌షుయ్ అనగానే ఇవాళ ఇల్లు గుర్తొస్తుంది. గుమ్మం ఎటు పెట్టాలి, మంచం ఎటు తిప్పాలి, అద్దం ఎక్కడ తగిలించాలి అన్న ప్రశ్నలు ముందుకొస్తాయి. చైనాలో ఈ విద్య పుస్తకాలకెక్కిన రోజుల్లో మాత్రం దాని మొదటి చింత సమాధి. తండ్రి శవాన్ని ఎక్కడ పూడ్చాలన్నదే ప్రశ్న. ఈ విద్యకు మూలగ్రంథంగా చెప్పుకునే ‘జాంగ్‌షు’ ఖననాల పుస్తకం. క్రీ.శ. 276–324 మధ్య బతికిన పండితకవి గువో పు దాన్ని రాశాడని సంప్రదాయం చెబుతుంది. చాలా తర్వాతి కాలంలో కూర్చి ఆయన పేరు తగిలించారన్నది ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. అందులోని సిద్ధాంతం మటుకు సూటిగా ఉంటుంది. భూమి లోపల ‘చి’ అనే ప్రాణశక్తి కొండల వరసల వెంట పారుతూ ఉంటుంది. గాలికి అది చెదిరిపోతుంది, నీరు ఎదురైతే ఆగుతుంది. కాబట్టి గాలి మళ్లే చోటు, నీరు చుట్టి పోయే చోటు వెతకాలి: వెనక ఎత్తైన కొండ, రెండు పక్కలా దానికంటే తగ్గిన గుట్టలు, ముందు విశాలమైన మైదానం, అందులో వంపు తిరిగే ఏరు. వెనకున్నది నల్ల తాబేలు, ఎడమది నీలి డ్రాగన్, కుడిది తెల్లపులి, ముందున్నది ఎర్రపక్షి. అలాంటి చోట పెట్టిన ఎముకలు భూమి ప్రాణాన్ని పీల్చుకుంటాయి. తండ్రి ఎముకలూ కొడుకు ఒళ్లూ ఒకే చి నుంచి వచ్చినవి కాబట్టి అక్కడ చేరిన బలం ఇక్కడ కొడుక్కి అందుతుంది. పదవి, సంతానం, సంపద అన్నీ ఆ దారినే వస్తాయి.

నా పేచీ ఈ చివరి మెట్టు దగ్గరే. చి ఉందో లేదో యంత్రం పెట్టి తేల్చేద్దామనేవాళ్లు అసలు వివాదాన్ని వదిలి పక్కదారి పడుతున్నారు. చి భౌతికశాస్త్రం కొలిచే శక్తి కాదు, వస్తువుల్లోకి బయటినుంచి వచ్చి చేరేదీ కాదు. చైనా తత్త్వవేత్తల లెక్కలో వస్తువులన్నీ చి రూపాలే. ‘జువాంగ్‌జి’ గ్రంథం పుట్టుకను చి కూడుకోవడంగానూ చావును అది విడిపోవడంగానూ చూసింది. పదకొండో శతాబ్దంలో జాంగ్ జాయ్ (1020–1077) ఆ ఆలోచనను చివరిదాకా తీసుకెళ్లాడు: ఖాళీ అనుకునే ఆకాశం నిండా ఉన్నదీ చే, నీరు గడ్డకట్టి మళ్లీ కరిగినట్టు అది చిక్కబడితే రాయి, చెట్టు, మనిషి, పలచబడితే మళ్లీ ఆకాశం. ఇందులోంచి ఆయన తీసిన ధర్మం ఇంకా ముఖ్యమైనది. ‘పశ్చిమ శాసనం’ అనే చిన్న రచనలో ఆకాశం తండ్రి, భూమి తల్లి, మనుషులంతా తోబుట్టువులు అన్నాడు; ముసలివాళ్లనూ దిక్కులేని పిల్లలనూ చూసుకోవడం ఇంటివాళ్ల పట్ల బాధ్యతే అన్నాడు. ఒకే ప్రాణం అందరిలో పారుతున్నదంటే దానినుంచి రావలసిన నీతి అదే. ఖననాల పుస్తకం అదే పునాది మీద ఇంకో నీతి కట్టింది: ఒకే ప్రాణం కనుక దాన్ని మా వంశం వైపు మళ్లించుకుందాం. ప్రాణశక్తి అంతటా ఉన్నదే అయితే దానికి కంచె వేయలేం. కంచె వేయగలిగితే అది అంతటా ఉన్నది కాదు.

దీనికి ఒక ఎదురు ప్రశ్న వెంటనే వస్తుంది. కాలువ నీళ్లు ఊరందరివీ అయినా తూము తెరిచి ఎవరి పొలానికి వాళ్లు మళ్లించుకోవడం లేదా? మంచి ప్రశ్నే. కానీ తూము దగ్గర రెండు సంగతులున్నాయి. ఎవరి మడి తడిసిందో కంటికి కనిపిస్తుంది. ఎగువవాడు ఎక్కువ తీసుకుంటే దిగువ రైతు వచ్చి నిలదీస్తాడు. సమాధి శాస్త్రంలో ఈ రెండూ లేవు. ఎవరికి ఎంత ముట్టిందో చూపించడానికి ఆ వంశం భాగ్యం తప్ప వేరే ఆనవాలు లేదు. ఆ భాగ్యానికి కారణం సమాధేనని చూపించడానికి ఏ ఆనవాలూ లేదు. నిలదీయడం మాత్రం జరిగింది, అదీ సొంత అన్నదమ్ముల మధ్యే. ఎడమవైపు డ్రాగన్ గుట్ట పెద్దకొడుకు శాఖకు మేలు చేస్తుందనీ, కుడివైపు పులి గుట్ట చిన్నవాడి శాఖదనీ లెక్క ఉంది. తండ్రి సమాధి పిసరంత ఇటు తిరిగితే ఒకడికి లాభం, అటు తిరిగితే ఇంకొకడికి. హాంకాంగ్ పల్లెలను పరిశీలించిన మానవశాస్త్రవేత్త మారిస్ ఫ్రీడ్‌మన్ 1968లో చేసిన ప్రసంగంలో ఈ పోటీని ఎత్తిచూపాడు. ఇంట్లో పితృదేవతగా పూజలందుకుని, కోపించి, దీవించే అదే తండ్రి కొండమీద సమాధిలో నోరులేని సాధనమైపోతాడు. ఆయన ఇష్టాయిష్టాలతో పనిలేదు, కొడుకు మంచివాడా చెడ్డవాడా అన్నదానితోనూ పనిలేదు. ఫెంగ్‌షుయ్‌ని మూఢనమ్మకం అని కొట్టిపారేసేవాళ్లు ఈ అసలు తప్పును చూడరు. ఫలితానికి నడతతో పనిలేదని చెప్పడం ఏ మతానికైనా చిన్న సంగతి కాదు.

ఈ విమర్శ పాశ్చాత్య విజ్ఞానం చదువుకున్నాక పుట్టినదనుకుంటే పొరపాటు. చైనా పండితులే రెండువేల ఏళ్ల కిందట మొదలుపెట్టారు. మొదటి శతాబ్దంలో వాంగ్ చోంగ్ తన ‘లున్‌హెంగ్’లో నాటి దిక్కుల విద్యను ఉతికి ఆరేశాడు. అప్పట్లో ఇంటిపేర్లను సంగీతంలోని ఐదు స్వరాల కింద విడగొట్టి, ఫలానా స్వరం ఇంటిపేరువాళ్లకు ఫలానా దిక్కు ద్వారం పనికిరాదనేవారు. పొద్దస్తమానం మనిషి గడిపేది చావడిలో, గుమ్మంలో కాదు. మరి చావడికి లేని దోషం గుమ్మానికే ఎందుకని ఆయన అడిగాడు. ఏడో శతాబ్దంలో తాంగ్ చక్రవర్తి తైజుంగ్ ఈ పుస్తకాలన్నింటినీ సరిచూడమని ల్యూ త్సాయ్ అనే పండితుణ్ణి నియమించాడు. ఆయన చూపిన దృష్టాంతాలు నాకు ఇంకా బలంగా అనిపిస్తాయి. పూర్వం చూ రాజ్యంలో జివెన్ మూడుసార్లు ప్రధానమంత్రి పదవి పోగొట్టుకున్నాడు. లూ రాజ్యంలో న్యాయాధికారి లియుషియా హుయ్‌ని మూడుసార్లు తీసేశారు. ఆ పదవులు వచ్చిపోతున్నన్నాళ్లూ వాళ్ల పెద్దల సమాధులు అంగుళం కదల్లేదు. కదలని కారణం నుంచి ఊగిసలాడే ఫలితం ఎలా వస్తుంది?

అందరికంటే కొంటెగా వాదించినవాడు మహాచరిత్రకారుడు సిమా గ్వాంగ్. ‘జిజి తుంగ్‌జియన్’ పూర్తిచేసిన 1084లోనే ఖననాల మీద ఒక వ్యాసం రాసి, అందులో తన ఇంటి గుట్టే బయటపెట్టాడు. పెద్దలను పూడ్చేటప్పుడు బంధువులంతా జోస్యుడు రావలసిందేనని పట్టుబట్టారట. ఆయన అన్న దగ్గరి ఊళ్లో ఉన్న ఒక జోస్యుణ్ణి పిలిచి, నేను చెప్పినట్టు చేస్తే ఇరవై వేల కాసులిస్తాను, కాదంటే ఇంకొకణ్ణి చూసుకుంటాను అన్నాడు. రోజు, గొయ్యి లోతు, దారి అన్నీ వీలు చూసుకుని అన్నే నిర్ణయించాడు. జోస్యుడు దానికి శాస్త్రం మాటలు తొడిగి మహాశుభం అన్నాడు. చుట్టాలు సంతోషించారు. ఈ వ్యాసం రాసేనాటికి ఆ అన్న 79వ ఏట పెద్ద హోదాలో విరమించి హాయిగా ఉన్నాడు, తమ్ముడైన సిమా గ్వాంగ్ 66వ ఏట రాజసభలో ఉన్నాడు, వంశంలో 23 మంది కొలువుల్లో ఉన్నారు. ఒక్క కుటుంబం కథతో శాస్త్రం కూలిపోదు, నిజమే. ఆ చోటు తెలియకుండానే మంచిదై ఉండవచ్చని జోస్యుడు అనగలడు. అలా అంటే వీలు చూసుకుని పెట్టినా మంచి చోటు దొరుకుతుందని ఒప్పుకున్నట్టే, ఇక ఆ కాసులు దేనికి? సిమా గ్వాంగ్ కోపం డబ్బు గురించే కాదు. మంచి చోటు కుదరలేదని శవపేటికలను ఏళ్లతరబడి మట్టిలో పెట్టకుండా ఉంచేవారు. నమ్మితే పోయేదేముంది అనేవాళ్లకు ఆ దేశపు చట్టమే జవాబిచ్చింది: ఫెంగ్‌షుయ్ భ్రమలో పడి ఏడాది దాటినా పూడ్చకుండా పేటికను ఇంట్లో ఉంచుకున్నవాడికి మింగ్, చింగ్ శిక్షాస్మృతులు 80 దెబ్బలు విధించాయి.

ఇక్కడ గట్టి అభ్యంతరం జూ షీ (1130–1200) పేరుతో వస్తుంది. కన్ఫ్యూషియన్ తత్త్వానికి తర్వాతి ఏడు శతాబ్దాలు ప్రమాణమైనవాడు, జాంగ్ జాయ్ చి సిద్ధాంతాన్ని తలకెత్తుకున్నవాడు, 1194లో చక్రవర్తి సమాధి కోసం మంచి స్థలం వెతకాలని స్వయంగా విన్నపం రాశాడు. మహామేధావి నమ్మాడు కదా అంటారు. ఆ విన్నపంలో ఆయన దేనితో పోట్లాడాడో చూడాలి. సుంగ్ రాజుల ఇంటిపేరు జావ్. ఐదు స్వరాల లెక్క ప్రకారం ఆ వంశం సమాధులకు ఆగ్నేయం ఎత్తుగా, వాయవ్యం పల్లంగా ఉన్న నేల కావాలి. ఆ లెక్కను పక్కనపెట్టి కొండలు, నీళ్లు, మట్టి చూడమన్నాడు జూ షీ. ఆయనకంటే ముందు చెంగ్ యి (1033–1107) ఇంకా తేటగా చెప్పాడు: మంచి నేలకు గుర్తు మట్టి మెరుపు, చెట్టూచేమా పచ్చదనం, చూసుకోవలసినదల్లా ముందుముందు ఆ చోటు రోడ్డుగానో, కోటగోడగానో, కాలువగానో మారకుండా, బలవంతుడు లాక్కోకుండా, నాగలి దున్నకుండా ఉండటం. పెద్దలు ప్రశాంతంగా ఉంటే పిల్లలూ ప్రశాంతంగా ఉంటారని ఈ ఇద్దరూ నమ్మిన మాట దాచనవసరం లేదు. అయితే వాళ్లు ఆధారం చూపి వాదించింది నేల గురించే. వారసత్వంగా వచ్చే భాగ్యం గురించి చెప్పినప్పుడు ఆనవాయితీని తిరిగి చెప్పడం మినహా ఏమీ చేయలేదు.

నేల గురించిన వాదం ఎంత గట్టిదో, దిక్కు గురించినది అంత బోలు. దిక్సూచి పేరు చెప్పి ఇది విజ్ఞానమేననేవాళ్లున్నారు. సూది సరిగ్గా దక్షిణానికి కాక కొంచెం తూర్పుకు ఒరుగుతుందని షెన్ కువో 1088 ప్రాంతంలో రాశాడు. యూరప్‌కు ఆ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. ఫెంగ్‌షుయ్ పండితులు వాడే లువోపాన్ పళ్లెం మీద వృత్తాన్ని 24 భాగాలు చేసి, ఒక్కో భాగానికి 15 డిగ్రీలు ఇచ్చారు. పరిశీలన గొప్పదే. పరికరం నిక్కచ్చిగా ఉన్నంత మాత్రాన దానితో చెప్పే జోస్యం నిక్కచ్చి అయిపోదు. దక్షిణం సంగతే చూడండి. బీజింగ్‌లో 1420కి పూర్తయిన చక్రవర్తి కోట దక్షిణముఖంగా నిలిచింది; వెనక కొండ లేకపోతే కందకం తవ్విన మట్టితో జింగ్‌షాన్ గుట్ట పోశారు. ఉత్తరాన మంగోలియా నుంచి వచ్చే చలిగాలిని ఆపాలి. చలికాలంలో పగలు అన్నిటికంటే చిన్నదైన రోజున మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ సూర్యుడు దక్షిణాన 27 డిగ్రీల ఎత్తుకు మించడు, కాబట్టి దక్షిణపు వాకిట్లోంచే వెలుగు గది లోపలిదాకా వస్తుంది. మన దగ్గర అదే దక్షిణం యమస్థానం. దక్షిణపు వాకిలి అంటే కొనేవాళ్లు వెనకాడతారు. హైదరాబాదులో అదే రోజు మిట్టమధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, మంగోలియా గాలి మన పొలిమేరకు రాదు. దిక్కులోనే బలం ఉంటే అది చైనాకు శుభమై మనకు అశుభం కాకూడదు. చోటులో బలం ఉందంటే మాత్రం ఈ తేడాకు ఇబ్బందేమీ లేదు. వాస్తు పుస్తకాన్నీ ఫెంగ్‌షుయ్ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకుని ఒకే ఇంటికి దోషాలు వెతికేవాళ్లకు ఈ చిక్కు ఎందుకు తట్టదో!

ఉమ్మడిగా పట్టుకున్నప్పుడు ఈ విద్య ఏం చేయగలదో హాంకాంగ్ న్యూ టెరిటరీస్ పల్లెల వెనక కనిపిస్తుంది. కట్టెల కోసం, గడ్డి కోసం చుట్టుపక్కల కొండలు బోడిగా మారిన కాలంలోనూ ఊరి వెనక నెలవంకలా నిలిచిన అడవిని మాత్రం ఎవరూ నరకలేదు. అది ఊరి చిని కాపాడే అడవి. కొమ్మ విరిచినా ఊరికి కీడు. అలాంటి ఫెంగ్‌షుయ్ అడవులు అక్కడ వందకు పైగా మిగిలాయి. కర్పూర వృక్షాలు, అగరు చెట్లు, అరుదైన పాతకాలపు మొక్కలు వాటిలో ఉన్నాయని ఇవాళ వృక్షశాస్త్రజ్ఞులు లెక్కలు రాసుకుంటున్నారు. ఆ చెట్లు గాలిని ఆపాయి, వాన పడితే కొండచరియను పట్టి ఉంచాయి. అంటే ‘జాంగ్‌షు’ సమాధికి కోరిన పనే ఊరికి చేశాయి. ఇది పూర్తిగా నిస్వార్థమనను. ఒక ఊరి అడవి పక్క ఊరికి కాదు, ఊళ్ల మధ్య ఇదే కారణంగా తగాదాలూ నడిచాయి. అయినా ఊళ్లో ఉన్నవాళ్లకు సంబంధించినంతవరకు ఆ అడవిలో పెద్దకొడుకు వాటా, చిన్నకొడుకు వాటా అని లేవు. పాటించిన నియమం చేతలకు సంబంధించినది: నరకకు. అందువల్లే ఫలితం కంటికి కనిపించింది.

మన బజారుకు వచ్చిన ఫెంగ్‌షుయ్‌లో పోయినది సరిగ్గా ఆ భాగమే. ఇరవయ్యో శతాబ్దం చివరి దశకాల్లో లిన్ యున్ (1932–2010) అమెరికాలో ప్రచారం చేసిన పద్ధతిలో కొండతోనూ దిక్సూచితోనూ పనిలేదు. గుమ్మం ఉన్న గోడను ఆధారం చేసుకుని తొమ్మిది గళ్లు గీస్తే, లోపలికి అడుగుపెట్టినవాడికి ఎడమచేతి వైపు దూరపు మూల ధనానిది, కుడివైపు దూరపు మూల దాంపత్యానిది. అపార్టుమెంట్ల కాలానికి ఇది బాగా అమరింది. దానితో కలిపి గాలిగంటలు, మూడుకాళ్ల కప్ప, నవ్వే బుద్ధుడు వాస్తు పిరమిడ్ల పక్కనే షాపుల్లో చేరాయి. ఆ నవ్వే బొమ్మ బుద్ధుడిది కాదు, పదో శతాబ్దపు తొలినాళ్లలో జోలె వేసుకుని తిరిగిన బుదాయ్ అనే భిక్షువుది. సొంతమంటూ ఏమీ లేకుండా బతికిన ఆయనను ధనమూలకు కాపలా పెట్టాం. పుణ్యవంతుడికే పుణ్యభూమి దొరుకుతుందని చెప్పి ఈ విద్యను నీతితో ముడిపెట్టాలని చూసిన చైనా సంప్రదాయం ఒకటుంది. అది పెద్దమనసుతో చెప్పిన మాటే, కాకపోతే దాని ప్రకారం ఫలితమిచ్చేది పుణ్యం. భూమి ఆ పుణ్యానికి వచ్చిన ఫలాల్లో ఒకటి. కొత్త పద్ధతికి ఆ సమర్థన కూడా అక్కరలేదు. పదో అంతస్తు ఫ్లాటు వెనక కొండ లేదు, ముందు ఏరు లేదు, కాపాడవలసిన అడవీ లేదు. అందులో ఉండేవాణ్ణి ఏదీ నరకవద్దని ఎవరూ అడగరు, ఒక మూల సర్దుకోమని మాత్రమే చెబుతారు.