ఏది ఉంచాలి

2005 అక్టోబర్ 8న వచ్చిన భూకంపానికి పాకిస్తాన్ ఉత్తరాన కొండల్లో ఊళ్లకు ఊళ్లే నేలమట్టమయ్యాయి. అక్కడికి వెళ్లేనాటికి యాస్మిన్ లారీకి అరవై దాటాయి. ఆ దేశపు తొలి మహిళా ఆర్కిటెక్ట్ ఆమె. కరాచీలో పెద్ద పెద్ద భవనాలకు నమూనాలు గీసి, 2000లో ఆ పని మానుకున్నారు. కొండల్లో ఆమె ముందుగా చూసింది శిథిలాలనే. కూలిన గోడల రాళ్లు, కర్రలు ఏరించి, మట్టీ సున్నమూ కలిపించి, ఊరివాళ్ల చేతులతోనే ఇళ్లు లేపించారు. 2023లో బ్రిటన్ ఆర్కిటెక్టుల సంస్థ ఇచ్చే రాయల్ గోల్డ్ మెడల్ ఆమెకు దక్కింది.

ఆ పతకం కన్నా నాకు ఆమె పొయ్యి అంటే ఇష్టం. సింధ్‌లో వరద ఊళ్ల కోసం రూపొందించినది. నీళ్లు తాకకుండా ఎత్తుగా మట్టి అరుగు, దాని మీద పొగగొట్టంతో పొయ్యి. ఆడవాళ్లే కట్టుకుని, సున్నం పూసి, బొమ్మలు దిద్దుకుంటారు. 2018లో ఈ పొయ్యికి వరల్డ్ హాబిటాట్ అవార్డు వచ్చింది. ఇల్లు పోయినవాళ్లకు తలదాచుకునే చోటు చూపిస్తే చాలనుకుంటాం. తన పొయ్యి తాను వెలిగించుకునేదాకా మనిషి సాయం కోసం చెయ్యి చాచే వరుసలోనే ఉంటుంది.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు ముంచేశాక విజయవాడ సింగ్‌నగర్‌లో మా పిన్ని ఇంటికి వెళ్లాను. గోడల మీద ఛాతీ ఎత్తున బురద గీత. ప్లైవుడ్ అల్మరాలు ఉబ్బి పొరలు లేచిపోయాయి. పాత టేకు మంచం మాత్రం కడిగి ఆరబెడితే నిలిచింది. మేస్త్రి అన్నీ పీకేసి కొత్తవి పెడదామన్నాడు. పిన్ని ఒప్పుకోలేదు.

"ఆ గడప కదపొద్దు నాయనా. కింద నవధాన్యాలు పోసి మీ బాబాయి నిలబెట్టించాడు. ప్లగ్గులు మటుకు నడుం పైకి పెట్టించు. మళ్లీ నీళ్లొస్తే?"

గోడలు ఆరకముందే పుట్టీ పెట్టి రంగేస్తే పొక్కులొస్తాయని కూడా ఆవిడే చెప్పింది. ఇంటి మరమ్మతు గురించి చదివినవన్నీ ఆ రెండు మాటల్లో నాకు తేటపడ్డాయి. గడప ఉండాలి, ప్లగ్గు పైకి జరగాలి. జరిగిపోయిన బతుకును విడవకపోవడం, రాబోయే నీటిని మరవకపోవడం. ఈ రెండూ ఒకే మనిషి చెప్పగలదు, ఆ ఇంట్లో ఉండే మనిషి.

ఆ ఇంటి మనిషికి చోటు వదిలిన ఆర్కిటెక్టులూ ఉన్నారు. చిలీలో 2010 ఫిబ్రవరి 27న 8.8 తీవ్రతతో భూకంపం, వెంటనే సునామీ. కాన్‌స్టిట్యూషియోన్ పట్టణంలో ఆర్కిటెక్ట్ అలెహాండ్రో అరవేనా బృందం విల్లా వెర్దే ఇళ్లు కట్టింది. ఒకే కప్పు కింద సగం ఇల్లు పూర్తి, మిగతా సగం ఖాళీ. దాన్ని నింపుకోవడం ఇంటివాళ్ల వంతు. 2016లో అరవేనాకు ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. సర్కారు పని సగం ఎగ్గొట్టడమే ఇదని విమర్శించినవాళ్లున్నారు. ఆ మాట కొట్టిపారేసేది కాదు, పేదవాడికి మిగతా సగానికి డబ్బెక్కడిది? అయినా, తన గీత ఎక్కడ ఆపాలో తెలిసిన ఆర్కిటెక్టంటే నాకు గౌరవం. పిన్ని గడపకు చోటుండేది అలాంటి ఇంట్లోనే.

మన ఉత్తరాంధ్ర తీరంలోనూ ఊరివాళ్లే కట్టుకునే చుట్టిళ్లుండేవి. గుండ్రటి మట్టిగోడ, దాదాపు నేలదాకా దిగే తాటాకు కప్పు. తుఫాను గాలి పట్టుకోవడానికి మూలే లేదు. కచ్‌లోనూ భుంగాలనే గుండ్రటి ఇళ్లు 2001 జనవరి 26 భూకంపాన్ని చాలావరకు తట్టుకున్నాయి. వాటికి ఆర్కిటెక్టు పేరు లేదు, కాబట్టి పతకమూ లేదు. అందరూ తాటాకు కిందికి తిరిగి వెళ్లాలని నేననను. ఎండుటాకుకు నిప్పు భయం, మట్టిగోడకు నిలవ నీటి భయం ఉన్నవే. కానీ తుఫాను తర్వాత కాలనీ ప్లాను గీసే ఇంజనీరు కాగితం ముందు వేసుకునేలోపు, ఆ కప్పు నేసిన ముసలివాళ్లను ఒక పూట కూర్చోబెట్టుకుని అడగాలి, గాలి ఏ వైపు నుంచి కొడుతుంది, కప్పు ముందు ఎక్కడ లేస్తుంది అని.