పక్కనున్నవాళ్ల పేర్లు

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు దారిలో భట్టిప్రోలు వస్తుంది. అక్కడి దిబ్బను 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు స్తూపం గర్భంలోంచి రాతి పేటికలు బయటపడ్డాయి. లోపల బుద్ధుడిదని నమ్మే అస్థి ధాతువు, బంగారు పూలు. రాతి మీది అక్షరాలు 2,000 ఏళ్లు దాటినవి. వాటిలో ధర్మోపన్యాసాలేమీ లేవు, చాలావరకు పేర్లే. కుర తండ్రి, కుర తల్లి, కుర, శివ అనే అతను కలిసి పేటిక చేయించారని ఒకచోట ఉంది. ఒక గోష్ఠిలోని వాళ్ల పేర్లు మరోచోట వరసగా ఉన్నాయి. కుబిరక రాజు పేరూ ఉంది. కుర తల్లి అసలు పేరు రాయలేదు. మన ఊళ్లలో ఇప్పటికీ అంతే కదా, ఫలానా వాళ్లమ్మ అంటాం! మహానుభావుణ్ని తలుచుకుంటూ, ఆ పనికి కలిసొచ్చినవాళ్లందరినీ కూడా రాతిలో చెక్కి ఉంచారు.

పోయినవాళ్ల ఫొటో దగ్గర మనం దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పని చేస్తాం. మా పెద్దమ్మ రేపల్లెలో కేన్సర్‌తో పోయింది. పెద్దకర్మకు ఫొటో కావాలని ఇల్లంతా గాలించారు. చివరికి ఎవరిదో పెళ్లి ఆల్బంలో దొరికింది. స్టూడియో కుర్రాడు చుట్టూ ఉన్న చెల్లెళ్లను, మనవల్ని చెరిపేసి, వెనక లేత నీలం రంగు వేసి ఫ్రేము కట్టిచ్చాడు. ఆమె భుజం మీద ఎవరివో రెండు వేళ్లు మాత్రం మిగిలిపోయాయి. ఆ వేళ్లు ఎవరివన్నది ఇంట్లో ఇంకా తేలలేదు. నాకైతే ఆ పటంలో పెద్దమ్మను గుర్తుచేసేవి అవే.

అందుకే తెనాలిలో కేన్సర్ రోగులు, కోలుకున్నవాళ్లు కలిసి కూర్చుంటున్నారని, ఫొటోలు తీసిపెట్టమని ఒక మిత్రుడు అడిగితే కాదనలేకపోయాను. రేపల్లె, బాపట్ల వైపు నుంచీ వచ్చారు. గుంటూరులో రేడియేషన్‌కని వారానికి ఐదు రోజులు రైలెక్కి, ఆ పెట్టెలోనే స్నేహమైనవాళ్లు కొందరు. కీమో తర్వాత నోటిపూతకు ఏం చేశావు, ఆరోగ్యశ్రీలో ఏ పరీక్ష వస్తుంది, ఇవే మాటలు. కెమెరా తీయగానే కొంగులు తలమీదికి వెళ్లాయి. బాపట్ల నుంచి వచ్చిన ఒకావిడ మాత్రం, “దండెయ్యడానికి పనికొచ్చేట్టు తియ్యి బాబూ” అంది. పక్కనున్న పెద్దాయన, “నీకంటే ముందు నాది కట్టిస్తార్లేమ్మా” అన్నాడు. గదంతా నవ్వు. అప్పుడు నొక్కిన ఫొటోలో సగంమంది కళ్లు మూసుకుని ఉన్నారు, ఒకరి మొహం కదిలిపోయింది. ఆ రోజు తీసినవాటిలో మంచిది అదే.

పెనుమూడి దగ్గర కృష్ణలోనో, సూర్యలంక సముద్రంలోనో తర్పణం వదిలేటప్పుడు గోత్రంతో సహా మూడు తరాల పేర్లు చెబుతాం. నా అన్నవాళ్లు లేనివాళ్ల కోసమూ నీళ్లు వదిలే విధి ఉంది. ఆ తర్పణంలో పోయినవాళ్లెవరూ ఒంటరిగా నిలబడరు. మేకుకు ఒంటరిగా తగిలించింది మనమే. పదిమంది కలిసి తలుచుకునే తీరు ఇంకోటీ ఉంది: ఎన్టీఆర్ భార్య బసవతారకం కేన్సర్‌తో పోతే, ఆమె పేరిట హైదరాబాద్‌లో కట్టిన ఆసుపత్రి 2000 జూన్ 22న మొదలైంది. ఆమెను ఎన్నడూ చూడనివాళ్లు కూడా “బసవతారకంలో చూపించుకుంటున్నాం” అంటారు. ఆ తలుచుకోవడంలో ఎంతమంది ఉన్నారో చూడండి.

మీ ఇంట్లో వైద్యం జరుగుతున్నవాళ్లుంటే, జుట్టు రానీ, కాస్త ఒళ్లు చెయ్యనీ అని ఆగకండి. అడగండి, ఒప్పుకుంటేనే తీయండి, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే ముందు మళ్లీ అడగండి. ఫోన్ ఇంకెవరి చేతికైనా ఇచ్చి మీరూ ఆ పక్కనే కూర్చోండి. ప్రింటు వేయించి, వెనక తేదీ, అందులో ఉన్న అందరి పేర్లూ రాసిపెట్టండి. ఫొటోలు ఫోన్లోనే వదిలేస్తే ఆ ఫోనుతోపాటే పోతాయి.